‘పరిశీలిస్తాం’ చాలదు

నగరపాలక సంస్థ సర్వసభ్య సమావేశాన్ని ప్రెస్ గ్యాలరీలో కూర్చుని చూసిన ఎవరికైనా ఈ దృశ్యం కొత్త కాదు. జీరో అవర్‌లో ఒక కార్పొరేటర్ లేస్తారు. తన వార్డులో గెడ్డ మీది కల్వర్టు కుంగి ఎనిమిది నెలలైందనీ, స్కూలు ఆటోలు చుట్టూ తిరిగి పోతున్నాయనీ, మూడుసార్లు కాగితం ఇచ్చాననీ చెబుతారు. మేయర్ అధికారుల వరసకేసి చూస్తారు. ఇంజనీరింగ్ విభాగం నుంచి ఒకరు సగం లేచి ‘పరిశీలిస్తాం మేడం’ అంటారు. మేడం కూర్చుంటారు. ఆ పక్క వార్డాయన లేచి వీధిదీపాల సంగతి ఎత్తుతారు. ‘పరిశీలిస్తాం సార్’. ఈ మాటలు మినిట్స్ పుస్తకంలోకి ఎక్కవచ్చు, ఎక్కకపోనూవచ్చు. మూడు నెలలు గడిచాక అదే సభ్యురాలు అదే మైకు ముందు అదే కల్వర్టు గురించి మళ్ళీ లేస్తారు. ఈసారి గొంతు పెంచుతారు. మర్నాడు పత్రికల్లో ‘కౌన్సిల్ రసాభాస’ అని వస్తుంది. మేమూ అలాగే రాశాం, దాచుకోవడమెందుకు?

కౌన్సిల్లో సభ్యులు లేవనెత్తిన ప్రతి వార్డు సమస్యకూ నెల రోజుల్లోగా, బాధ్యుడైన అధికారి పేరూ సంతకంతో, రాతపూర్వకమైన జవాబు ఇచ్చి తీరాలి. ఈ నిబంధనను రెండు తెలుగు రాష్ట్రాలూ తమ మున్సిపల్ చట్టాల్లో చేర్చాలి. జవాబివ్వని అధికారికి జరిమానా ఉండాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. ఒక మామూలు పౌరుడికి ఈ హక్కు ఇరవై ఏళ్ళ కిందటే వచ్చింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అర్జీ పెడితే 30 రోజుల్లో సమాధానం రావాలి. రాకుంటే సంబంధిత అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25 వేల దాకా జరిమానా పడవచ్చు. వేల మంది ఓటేసి పంపిన మనిషి సభలో నిలబడి అడిగితే మాత్రం గడువూ లేదు, జరిమానా లేదు. సభ్యులకు ప్రశ్న వేసే హక్కు లేకపోలేదు. జవాబు రాకపోతే ఏమవుతుందంటే, ఆచరణలో ఏమీ కాదు. సొంత కార్పొరేషన్ నుంచి వివరం రాబట్టడానికి కార్పొరేటరే సమాచార హక్కు అర్జీ రాసుకోవడం మేలనిపించే స్థితి ఇది.

దీనికి మూలం చట్టం నిర్మాణంలోనే ఉంది. హైదరాబాద్‌కూ, ఆంధ్రప్రదేశ్‌లోని నగరపాలక సంస్థలకూ ఆధారమైన 1955 నాటి చట్టం కౌన్సిల్‌ను ఒక వైపూ, కార్యనిర్వాహక అధికారమంతా చేతిలో పెట్టుకున్న కమిషనర్‌ను మరో వైపూ నిలిపింది. కమిషనర్‌ను వేసేదీ తీసేదీ రాష్ట్ర ప్రభుత్వం. సహాయ ఇంజనీరు (ఏఈ) బదిలీ కార్పొరేటర్ చేతిలో లేదు, మేయర్ చేతిలోనూ లేదు. తన పనిని మెచ్చేది ఎవరో, తప్పుబట్టేది ఎవరో ఏఈ గారికి బాగా తెలుసు. అందుకే కార్పొరేటర్ ఫోను రెండో రింగుకు ఎత్తరు, ఎమ్మెల్యే గారి పీఏ ఫోను మొదటి రింగుకే ఎత్తుతారు.

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఈ తూకాన్ని మార్చాల్సింది. పన్నెండో షెడ్యూలులో 18 అంశాలు రాశారు: తాగునీరు, పారిశుధ్యం, రోడ్లు, వీధిదీపాలు, మురికివాడల అభివృద్ధి, శ్మశానాలు, పట్టణ ప్రణాళిక, చివరికి పశువుల బందెలదొడ్లు కూడా. అయితే ఆ అంశాలను ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎంత ఇవ్వాలన్నది రాష్ట్ర శాసనసభలకు వదిలేశారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదన్న సామెతకు మున్సిపల్ పాలన కన్నా మంచి ఉదాహరణ దొరకదు. విశాఖలో పెద్ద లేఅవుట్లు, మాస్టర్ ప్లాన్ చూసేది పట్టణాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ. హుద్‌హుద్ తుపాను తర్వాత వీధుల్లో ఎల్‌ఈడీ దీపాలు బిగించింది కేంద్రానికి చెందిన ఇంధన పొదుపు సంస్థ. స్మార్ట్ సిటీ పనులకు వేరే కంపెనీయే పెట్టారు. దీపం వెలగకపోయినా, లేఅవుట్ రోడ్డు ఆగిపోయినా జనం వెళ్ళేది కార్పొరేటర్ గుమ్మానికే. ఆ కార్పొరేటర్ ఎక్కడికి వెళ్ళాలి?

అసలు గుమ్మమే లేని కాలాన్ని కూడా విశాఖ చూసింది. 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012 ఫిబ్రవరిలో తీరింది. మళ్ళీ ఓటు పడింది 2021 మార్చి 10న. తొమ్మిదేళ్ళు ప్రత్యేకాధికారుల పాలన. విలీనాలు, వార్డుల విభజన, కోర్టు కేసులు అంటూ ప్రతి ప్రభుత్వానికీ ఏదో ఒక సాకు దొరికింది. ఆ తొమ్మిదేళ్ళలో ఈ నగరానికి ఏమేం జరిగాయో గుర్తు చేసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి చెట్టన్నది లేకుండా ఊడ్చేసింది. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల తొలి 20 నగరాల జాబితాలో విశాఖ పేరు చేరింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్ళ మీదికి వచ్చి 12 మందిని చంపింది. కార్పొరేటర్ ఉంటే గ్యాస్ ఆగేదా అని ఎగతాళి చేసేవారుంటారు. ఆగేది కాదు. కానీ ఎవరి పేరు పరిహారం జాబితాలో తప్పిపోయిందో, ఏ వీధికి నీళ్ళ ట్యాంకరు రాలేదో, తలుపు తట్టి చెప్పుకునేందుకు నగరం మొత్తంలో ఎన్నికైన వార్డు సభ్యుడు ఒక్కరూ లేరు.

గుంటూరుది ఇంకా పొడవైన కథ. అక్కడ 2010లో ముగిసిన పాలకవర్గానికి వారసులు వచ్చింది 2021లోనే. నడుమ 2018 మార్చిలో తాగునీటి గొట్టాల్లో మురుగు కలిసి అతిసారం ప్రబలింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. కుళాయిలో నీళ్ళు రంగు మారితే మొదట తెలిసేది ఆ వీధివాళ్ళకు, తర్వాత వార్డు సభ్యుడికి. ఆ రెండో మెట్టు అప్పుడు అక్కడ లేదు.

గడువు తీరకముందే కొత్త ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243యు అధికరణ చెబుతోంది. 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటనే మళ్ళీ గట్టిగా చెప్పింది. అయినా తెలంగాణలో 2020 జనవరిలో ఎన్నికైన మున్సిపల్ పాలకవర్గాల గడువు 2025 జనవరి 26న ముగిస్తే, ఆ ఏడాదంతా ప్రత్యేకాధికారులతోనే గడిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 మార్చిలో కొలువుదీరిన పాలకవర్గాలకు రాజ్యాంగం ఇచ్చిన ఆయుష్షు 2026 మార్చి దాకానే. ఆ తేదీ అయిదేళ్ళ ముందు నుంచీ అందరికీ తెలిసిందే. అది దగ్గరపడ్డాక హడావుడిగా వార్డుల పునర్విభజన ఫైలు కదపడాన్ని మేం పరిపాలన అనం.

ఇక హైదరాబాద్. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిల్ మీద వెళ్ళిన పన్నెండేళ్ళ పాప నాలాలో పడి కొట్టుకుపోయింది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో, వాన కురుస్తున్న పొద్దున పాల కోసం బయల్దేరిన చిన్నారి తెరిచి ఉన్న కాలువలో మునిగింది. ప్రతి విషాదం తర్వాతా ఒకే తగువు: ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఎప్పుడు చెప్పారు? వార్డు నుంచి వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరూ, ఒక తేదీ, ఒక అధికారి సంతకమూ ఉండే ఏర్పాటు ఉంటే ఈ తగువే ఉండదు. ఆ సంతకం పెట్టాల్సి వస్తుందన్న భయంతోనైనా కొన్ని నాలాలకు పైకప్పు పడుతుంది.

బాధ్యతను చట్టంలో రాయడం మన ప్రభుత్వాలకు చేతకాదని కాదు. తెలంగాణ 2019 మున్సిపాలిటీల చట్టం చూడండి. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది. బతక్కపోతే వార్డు సభ్యుడి మీదా, బాధ్యుడైన అధికారి మీదా వేటు పడేలా రాసింది. మొక్కలంటే మాకూ ఇష్టమే. కానీ మొక్క ఎండిపోతే పదవి పోతుందని రాయగలిగిన చేతికి, తాగునీటి గొట్టం గురించిన ప్రశ్నకు నెలలో జవాబు ఇవ్వకుంటే జరిమానా అని రాయడం ఎందుకు బరువైంది? వార్డుకు నాలుగేసి కమిటీలు వేయమంది కూడా అదే చట్టం. ఆ కమిటీలు చివరిసారి ఎప్పుడు కూర్చున్నాయో ఎవరి వార్డులో వారు అడిగి చూడండి.

అధికారుల వాదన మాకు తెలుసు. నిధుల్లేవు, సిబ్బంది లేరు, కార్పొరేటర్లు అడిగేవన్నీ చేస్తే మూడు బడ్జెట్లు కావాలి అంటారు. కావచ్చు. అయితే ఆ మాటే రాసివ్వండి. ‘ఈ కల్వర్టుకు ఇంత ఎస్టిమేట్, ఈ ఏడాది నిధుల్లేవు, వచ్చే ఏడాది ప్రాధాన్య క్రమంలో ఫలానా స్థానంలో ఉంది’ అని రాస్తే అది జవాబే. లేదన్న జవాబుకు కూడా విలువ ఉంది. దాన్ని పట్టుకుని సభ్యురాలు బడ్జెట్ సమావేశంలో పోరాడగలరు, ఎమ్మెల్యే నిధుల కోసం వెళ్ళగలరు, వార్డులో జనానికి ముఖం చూపగలరు. ‘పరిశీలిస్తాం’ అన్నది అవునూ కాదు, లేదూ కాదు. దాన్ని పట్టుకుని ఎక్కడికీ వెళ్ళలేం.

కార్పొరేటర్లు మాత్రం పత్తిగింజలేమీ కారు. వాళ్ళ గురించి చెప్పకుండా ఈ మాట ముగిస్తే మేం సగమే చెప్పినట్టు. 2025 ఏప్రిల్‌లో విశాఖ మేయర్ మీద అవిశ్వాస తీర్మానం వచ్చినప్పుడు శిబిరాలు వెలిశాయి, ఒక్కొక్క సభ్యుణ్ణీ లెక్కపెట్టి తెచ్చారు, తీర్మానానికి 74 ఓట్లు పడ్డాయి. ఆ లెక్కపెట్టుకోవడంలో పదో వంతు శ్రద్ధ తాగునీటి మీది చర్చకు దక్కి ఉంటే నగరం ముఖం వేరేగా ఉండేది. చివరి నిమిషంలో టేబుల్ అజెండాగా వచ్చిపడే పనులకు చదవకుండా చేతులెత్తేదీ, వార్డులో పనికి తమవాడే కాంట్రాక్టరుగా ఉండాలని పట్టుబట్టేదీ ఈ సభ్యులే. చేతిలో మైకు ఉండగా పోడియం ఎక్కడమెందుకు? ఆంధ్రప్రదేశ్‌లో సగం స్థానాలు మహిళలకు రిజర్వు చేశారు. ఫోను చేస్తే ఎత్తేది భర్త, శంకుస్థాపనకు వచ్చేది భర్త, అధికారులతో మాట్లాడేదీ ఆయనే. ‘కార్పొరేటర్ గారి తాలూకు’ అని ఒక పదవే పుట్టింది. రాతపూర్వక జవాబు ఈ జబ్బుకూ కొంత మందు. ప్రశ్న రాసి సంతకం చేయాల్సింది సభ్యురాలే. అయిదేళ్ళలో ఎవరు ఎన్ని ప్రశ్నలు రాశారో, అందులో కాంట్రాక్టరు బిల్లుల గురించి ఎన్నో, నీళ్ళ గురించి ఎన్నో, మళ్ళీ ఓటు అడగడానికి వచ్చేటప్పుడు వార్డు జనం చేతిలో ఉంటుంది.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు కూడా. ప్రతి సర్వసభ్య సమావేశంలో మొదటి అంశంగా గత సమావేశపు ప్రశ్నల మీద తీసుకున్న చర్యల నివేదిక పెట్టాలని మేయర్లు, ఛైర్‌పర్సన్లు రేపే నిర్ణయించుకోవచ్చు. దానికి ఖర్చు లేదు, జీవో అక్కర్లేదు. నివేదిక సభ ముందుకు రాకపోతే తక్కిన అజెండా కదలదని అధికార, ప్రతిపక్ష సభ్యులు ఒక్కమాట మీద నిలబడితే చాలు. జీతాల పద్దు, టెండర్ల ఆమోదం ఆగుతాయంటే ఏ కమిషనరైనా ఏఈలను పిలిచి కూర్చోబెడతారు. ముప్ఫైల వయసులో రాజమండ్రి మున్సిపల్ పీఠమెక్కిన టంగుటూరి ప్రకాశం అక్కడి నుంచే ముఖ్యమంత్రి దాకా నడిచారు. మున్సిపల్ సభను ఎదుగుదలకు మెట్టుగా చూసే మన యువ కార్పొరేటర్లు, ఆ మెట్టు మీద నిలబడి చేయాల్సిన పని ఒకటుందని కూడా చూడాలి.

జవాబులు జనానికి కనిపించాలి కూడా. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. ఇంజనీరింగ్‌కు, పారిశుధ్యానికి, పట్టణ ప్రణాళికకు విడివిడిగా కార్యదర్శులను పెట్టారు. కార్పొరేటర్ వేసిన ప్రశ్నా, దాని తేదీ, అధికారి ఇచ్చిన జవాబూ ఒక కాగితం మీద అచ్చువేసి నెలనెలా అక్కడ అంటించమనండి. పథకాల లబ్ధిదారుల జాబితాలు అంటించే గోడ అదే. జనం రోజూ ఆగి చదివే గోడ కూడా అదే.