బిడ్డ నిద్రపోయే వరకు ఆగాలి

చంటిబిడ్డకు ఎం.ఆర్.ఐ. తీయాలంటే ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. ఏ జబ్బూ లేని బిడ్డకు, కేవలం మెదడు ఎలా ఎదుగుతుందో తెలుసుకోవడానికి తీస్తామంటే ఒప్పుకోవచ్చునా? ఒప్పుకోవచ్చుననే నా అభిప్రాయం. అయితే ఒక షరతు ఉంది.

ఎక్స్‌రే, సి.టి. స్కాన్‌లలో వలె ఇందులో రేడియేషన్ ఉండదు. బలమైన అయస్కాంతం, రేడియో తరంగాల సాయంతో చిత్రాలు తీస్తారు. అందుకే ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు కూడా కొన్ని నెలల తేడాతో మళ్ళీ తీసి పోల్చి చూడగలుగుతున్నారు. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలా పరిశీలించి, మొదటి సంవత్సరంలో మెదడు పరిమాణం రెట్టింపు అవుతుందని, రెండవ సంవత్సరంలో పెరుగుదల సుమారు 15 శాతమేనని 2008లో తెలిపారు. మొదటి ఏడాదిలో బిడ్డ పోషణ, టీకాలు, బిడ్డతో మనం చెప్పే కబుర్లు ఎంత ముఖ్యమో దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఇక షరతు సంగతి. ఎం.ఆర్.ఐ.లో కదలకుండా పడుకోవాలి. యంత్రం పెద్దగా శబ్దం చేస్తుంది. పసిబిడ్డకు "కదలకు" అని చెప్పలేము కదా! అందుచేత మత్తు ఇస్తే పని సులువవుతుందని కొందరంటారు. నిజమే, చిత్రాలు స్పష్టంగా వస్తాయి. కాని మత్తు ఇచ్చినప్పుడు బిడ్డ శ్వాసను కనిపెట్టుకుని ఉండాలి. పరిశోధన వల్ల ఆ బిడ్డకు నేరుగా కలిగే మేలు లేదు. తనకిష్టమో కాదో చెప్పే నోరూ లేదు. కాబట్టి కేవలం పరిశోధన కోసం మత్తు ఇవ్వకూడదు. పాలు పట్టి, గుడ్డలో చుట్టి, చెవులకు రక్షణ పెట్టి, సహజంగా నిద్రపోయాక తీయాలి. మధ్యలో లేస్తే ఆపి, మరొక రోజు రమ్మనాలి. ఎన్నోచోట్ల పరిశోధకులు ఇలాగే చేస్తున్నారు.

ఫిట్స్ వచ్చిన బిడ్డకో, పుట్టగానే ఏడవని బిడ్డకో డాక్టరు ఎం.ఆర్.ఐ. రాస్తే అది వేరే విషయం. అక్కడ మేలు ఆ బిడ్డకే. అవసరమైతే డాక్టర్ల పర్యవేక్షణలో మత్తు ఇస్తారు, భయపడి మానుకోవద్దు. అలాగని బిడ్డ తెలివైనదో కాదో చూడడానికి ఎం.ఆర్.ఐ. తీయించనక్కరలేదు.

తల్లిదండ్రులారా, పరిశోధన కాగితంపై సంతకం చేసేముందు మూడు ప్రశ్నలు అడగండి: మత్తు ఇస్తారా? బిడ్డ లేస్తే ఆపుతారా? లోపమేదైనా కనబడితే మాకు చెబుతారా? గదిలోకి వెళ్ళేముందు వెండి మొలతాడు, గజ్జెలు, పిన్నీసులు తీసివేయడం మరువకండి.