రెండు చర్చల నడుమ ఆసుపత్రి ఆయా

కోల్‌కతాలోని ఆర్‌జీ కర్ వైద్య కళాశాలలో 2024 ఆగస్టు 9న ఒక యువ వైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురైన తరువాత దేశమంతా ఆసుపత్రుల భద్రత గురించి మాట్లాడింది. అదే నెల 20న సుప్రీంకోర్టు జాతీయ కార్యదళాన్ని నియమించింది. అందులో పేరుమోసిన వైద్యులున్నారు, ఉన్నతాధికారులున్నారు. సభ్యురాలిగా ఒక్క నర్సు లేదు. ఇక ఆయాలు, పారిశుద్ధ్య కార్మికురాళ్ల సంగతి చెప్పేదేముంది?

ఇటువైపు మన చర్చనూ చూసుకోవాలి. 2019లో ముంబయిలో ఆదివాసీ వైద్య విద్యార్థిని పాయల్ తడ్వి మరణం తరువాత వైద్యరంగంలోని కులవివక్షపై గట్టిగానే మాట్లాడాం. రిజర్వేషన్లు, ర్యాంకు పేరిట అవమానాలు, ఆపరేషన్ థియేటర్‌లో దక్కని అవకాశాలు, పదోన్నతులు. ఇవన్నీ అడగవలసినవే. అయితే రాత్రి డ్యూటీలో ఉన్న దళిత స్త్రీ ఎక్కడ నడుం వాలుస్తుంది, ఆ గది తలుపుకు గడియ ఉందా అన్న ప్రశ్న ఆ జాబితాలోకి రాలేదు. వివక్ష అనగానే మన కళ్లముందు మెదిలేది చదువుకున్న పురుషుడి ఉద్యోగమే కావడం ఇందుకు కొంత కారణం.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఔట్‌సోర్సింగ్ మీద ఊడ్చే మనిషిని తీసుకోండి. ఆమె హాజరు వేసేదీ, ఏ వార్డుకు, ఏ షిఫ్టుకు పంపాలో తేల్చేదీ సూపర్‌వైజరే. అతడు చెయ్యి వేస్తే ఆమె కాదంటే మర్నాటినుంచి పని ఉండదు. సూపరింటెండెంట్ దగ్గరకు వెళితే ఏజెన్సీకి చెప్పుకోమంటారు. సూపర్‌వైజర్ సొంత కులంవాడైతే పరువు పోతుందని మనవాళ్లే నోరు నొక్కుతారు. పైకులంవాడైతే అది ఆడవాళ్ల గొడవ, కులం గొడవ కాదని సంఘాలు పక్కకు జరుగుతాయి.

చట్టం ఆమెను మరచిపోలేదు. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం కాంట్రాక్టు కార్మికురాలినీ, జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవారినీ ఉద్యోగులుగానే గుర్తించింది. ఆ లెక్కన ఆశా కార్యకర్త కూడా దాని పరిధిలోకి వస్తుంది. అసలు ఈ చట్టానికి మూలం భఁవరీ దేవి. రాజస్థాన్‌లో కుమ్మరి కులానికి చెందిన ఆమె ప్రభుత్వ పథకంలో గ్రామస్థాయి కార్యకర్త. బాల్యవివాహాన్ని అడ్డుకోబోయినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైంది. దిగువ కోర్టు 1995లో అత్యాచార అభియోగాన్ని కొట్టివేసింది. ఆ అన్యాయం వెనుకే 1997 నాటి విశాఖ తీర్పు వచ్చింది.

ఆ చట్టంలోనే ఒక వింత ఉంది. జిల్లాస్థాయి స్థానిక కమిటీకి నామినేట్ చేసేవారిలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ లేదా మైనారిటీ మహిళ ఒక్కరైనా ఉండాలంటుంది. ఆసుపత్రిలో ఉండే అంతర్గత కమిటీకి ఆ నియమం లేదు. అక్కడ అధ్యక్షురాలు సీనియర్ ఉద్యోగిని, అంటే మన ఆసుపత్రుల్లో ఎక్కువగా ప్రొఫెసరమ్మే. ఆమె ముందు కూర్చుని ఊడ్చే మనిషి ఏం చెప్పగలదు? కులం మాట ఎత్తితే అది అట్రాసిటీ కేసు, పోలీసుస్టేషన్‌కు వెళ్లమంటారు. ఒకే దెబ్బకు రెండు వాకిళ్లు తిరగాలి.

విద్యార్థి సంఘాలు, దళిత ఉద్యోగ సంఘాలు ఈసారి వినతిపత్రం రాసేటప్పుడు రెండు వాక్యాలు చేర్చాలి. అంతర్గత కమిటీలో నాలుగో తరగతి సిబ్బందినుంచి ఒక దళిత లేదా ఆదివాసీ మహిళ ఉండాలి. ఫిర్యాదు చేసిన కార్మికురాలిని విచారణ ముగిసేవరకు ఏజెన్సీ తొలగించరాదని టెండరు షరతుల్లోనే రాయాలి. వీటికి పార్లమెంటు దాకా పోనక్కరలేదు. రాష్ట్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.