నూరు శాతం అంటే దేంట్ల నూరు?

దసరా సెలవులకు దోమకొండ పోయేసరికే మా ఇంటి కంప్యూటర్ మీద తీర్పు అయిపోయింది. కామారెడ్డిలో ఒక షాపాయన చూసి, "డిస్క్ హండ్రెడ్, మెమరీ నైంటీ. ఇది ఇగ పనికిరాదు. ముప్పై ఐదు వేలల్ల కొత్తది వస్తది" అన్నాడట. చెల్లె ఈఏపీసెట్ క్లాసులు దాంట్లోనే వింటుంది. వీడియో ఆగి ఆగి వస్తుంటే దాని ఏడుపు చూడలేక, మక్కలు అమ్మిన పైసల్లోంచి బాపు ఆ ముప్పై ఐదు వేలు పక్కకు తీసి పెట్టాడు.

అది ఇంకా ఖర్చు కాలేదు కాబట్టి నయం. కానీ అప్పటికే ఇంకొకటి పోయింది. షాపుకు తీసుకుపోకముందు ఇద్దరూ కూర్చుని టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం అని ఎర్రగా కనిపిస్తుంటే, నిండిపోయిందనుకుని ఫొటోల ఫోల్డర్లు డిలీట్ చేశారు. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశారు. వాటిలో 2009లో మామయ్య డిజిటల్ కెమెరాతో తీసిన తాత ఫొటోలు ఉన్నాయి. గడికోట ముందు, మహాదేవుని గుడి దగ్గర తాత నిలబడ్డ ఫొటోలు. కోటను బాగుచేశాక 2022లో దానికి యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది, ఇప్పుడు చూడ్డానికి చాలా బాగుంటుంది. ఆ ఫొటోల్లో ఉన్నది మాత్రం బాగుచేయక ముందటి గడి, పోకముందటి తాత.

"నూరు చూపిస్తుంది గదా అన్నా, నిండినట్టే గదా" అంది చెల్లె. దాన్ని ఏమనాలి? నేను మూడో సంవత్సరం సీఎస్ఈ. ఆ కాలమ్ అర్థం మొన్నటిదాకా నాకూ సరిగ్గా తెలీదు.

ఆ 100 డిస్క్ ఎంత నిండిందో చెప్పదు. గడిచిన కొద్ది సమయంలో ఎంత శాతం డిస్క్ ఏదో ఒక పని చేస్తూ ఉందో చెబుతుంది. ఊరంతా తిరిగి ఇంటికో బస్తా ఎత్తుకొచ్చే ట్రాక్టర్‌ను అనుకోండి. పొద్దంతా తిరుగుతూనే ఉంటుంది, అంటే నూరు శాతం బిజీ. సాయంత్రం చూస్తే ట్రాలీలో పది బస్తాలు కూడా ఉండవు. మా పాత హార్డ్ డిస్క్‌ది అదే కథ. 100 శాతం పక్కనే చదివే వేగం సెకనుకు 1.5 ఎంబీ అని చిన్న అక్షరాల్లో ఉంది. దాన్నెవరూ చూడలేదు. డ్రైవ్‌లో సగానికి పైగా ఖాళీ ఉంది.

నా అభిప్రాయం ఇదే: మనం "రీడింగ్ తప్పు చూపిస్తోంది" అనుకునే వాటిలో ఎక్కువ భాగం తప్పు రీడింగులు కావు. అది ఒక ప్రశ్నకు జవాబు చెబుతుంటే మనం ఇంకో ప్రశ్నకు జవాబుగా చదువుతున్నాం. ఇంట్లోవాళ్ళు అలా చదివితే తప్పు లేదు. ఇంజినీరింగ్ చదివే మనం, రిపేర్ షాపు పెట్టుకున్నవాళ్ళు అలా చదివి, దాని మీద ఒక ఇంటివాళ్ళతో వేలు ఖర్చు పెట్టించడం మాత్రం తప్పే.

మా బాపు సంగతే చూడండి. వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందంటే ఊరికే తలూపి రాడు. "కుప్ప మీదివి తీసినవా, లోపలివి తీసినవా? ఇంకోపారి పెట్టు" అంటాడు. గింజ నోట్లో వేసుకుని కొరికి మరీ వాదిస్తాడు. మీటరుకు ఏ గింజ పెట్టారన్న దాన్ని బట్టి అంకె మారుతుందని ఆయనకు బాగా తెలుసు. అదే మనిషి కంప్యూటర్ తెర మీద నూరు కనపడగానే నోరు మూసుకున్నాడు. ఎందుకంటే ఆ మీటరుకు ఏ గింజ పెడతారో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి నేను చేసిందేమీ గొప్ప పని కాదు. ఒక్కో అంకె దగ్గర ఆగి 'ఇది దేంట్ల శాతం?' అని అడిగాను, అంతే.

సీపీయూ దగ్గర చెల్లె ఒకదాన్ని పట్టుకుని చంపబోతోంది. డీటెయిల్స్‌లో 'సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్' పక్కన 92 అని ఉంది. "ఇదే అన్నా, మొత్తం ఇదే తింటుంది!" అది తినేది ఏమీ లేదు. ప్రాసెసర్ ఖాళీగా ఉన్న సమయాన్ని ఆ పేరు మీద రాస్తారు. 92 అంటే 92 శాతం తీరికగా ఉందని.

సీపీయూ అంకెలో నిజంగానే ఒక తిరకాసు ఉంది. హాస్టల్లో నా ల్యాప్‌టాప్‌లో ప్రాసెసెస్ పేజీ 100 అంటే డీటెయిల్స్ పేజీలో సగం ఐడిల్ అని ఉండేది. విండోస్ 8 నుంచి మొదటి పేజీ లెక్క మారింది. ఎంతసేపు పని చేసిందన్నదే కాకుండా, అసలు వేగం మీద ఎంత ఎక్కువ వేగంతో చేసిందన్నది కూడా కలుపుతుంది. బేస్ 1.6 గిగాహెర్ట్జ్ ఉన్న ప్రాసెసర్ టర్బోలో 3.2 దగ్గర నడుస్తుంటే, సగం సమయం పని చేసినా 100 అని చూపిస్తుంది. డీటెయిల్స్ పేజీ మాత్రం పాత లెక్కే, సమయం ఒక్కటే. రెండూ నిజమే, రెండూ పోట్లాడుకుంటాయి. 2025లో విండోస్ 11లో అన్ని పేజీలకూ ఒకే లెక్క పెట్టారు. విండోస్ 10 వాడే ఇళ్ళలో పాత పోట్లాట అట్లనే ఉంది.

500 జీబీ డిస్క్ 465 అని చూపిస్తే "ముప్పై ఐదు జీబీ కొట్టేసిండు" అని బాపు అమ్మినవాణ్ణి ఇన్నేళ్ళుగా తిడుతున్నాడట. కంపెనీ వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలుస్తాయి. పాపం ఆ అమ్మినాయన.

అసలు జబ్బు మెమరీలో దొరికింది. ఉన్నది 4 జీబీ. ప్రాసెస్‌లన్నీ కూడితే 2 జీబీ చిల్లర, పైన మాత్రం 91 శాతం. కూడిక కలవకపోతే ఏదో వైరస్ అని భయపడతాం. ఆ కాలమ్‌లో ఒక్కో ప్రోగ్రామ్ సొంతంగా వాడుకునేదే ఉంటుంది. నలుగురూ పంచుకునేది, విండోస్ కెర్నెల్, డ్రైవర్లు వాడేది అందులో రాదు. కూడిక కలవకపోవడమే సహజం. అయితే ఈ 91 నిజం. మెమరీ చాలక విండోస్ మాటిమాటికి డిస్క్ మీదికి పోతోంది, అందుకే డిస్క్ నూరు. పైగా బాపు రోజూ షట్ డౌన్ చేస్తున్నా అప్‌టైమ్ 11 రోజులు అని ఉంది. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినా కెర్నెల్ పూర్తిగా మొదట్నుంచి మొదలవ్వదు. రీస్టార్ట్ చేస్తేనే అవుతుంది.

నిజంగా తప్పు చూపించే సందర్భాలు లేవని కాదు. పెర్ఫార్మెన్స్ కౌంటర్లు పాడై గ్రాఫ్ సున్నా దగ్గరే ఉండిపోవచ్చు. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో లాడ్‌సీటీఆర్ కమాండ్‌తో వాటిని మళ్ళీ కట్టించాలి. 2025 అక్టోబరు చివర్లో విండోస్ 11కు వచ్చిన ఒక ప్రివ్యూ అప్‌డేట్‌లో టాస్క్ మేనేజర్‌ను మూసినా లోపల నడుస్తూనే ఉండేది. తెరిచినన్నిసార్లు ఇంకొకటి చేరేది. కొలిచేదే బరువై కూర్చుందన్నమాట. మన 'లైనక్స్ వేసుకో' బ్యాచ్ కూడా నవ్వొద్దు. 'ఫ్రీ' కొట్టి ఖాళీ మెమరీ 200 ఎంబీయే అని కంగారుపడేది వీళ్ళే. పక్కన 'అవైలబుల్' అనే కాలమ్ ఉంది, చూడండి. ఖాళీ మెమరీని ఫైళ్ళ క్యాష్‌కు వాడుకుని, అడిగినప్పుడు తిరిగి ఇచ్చేయడం లైనక్స్ అలవాటు.

ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో పేజింగ్ మీద పది మార్కుల ప్రశ్నకు నేను బొమ్మ గీసి మరీ రాశాను. ఆ పేజింగే మా ఇంట్లో డిస్క్‌ను ఎర్రగా చేస్తోందని గుర్తుపట్టడానికి ఒక రాత్రి పట్టింది. ల్యాబ్‌లో ఒక్క గంట టాస్క్ మేనేజర్ తెరిచి, ఒక్కో కాలమ్ దేన్ని దేనితో భాగిస్తే వచ్చిందో చెప్పించి ఉంటే పట్టేది కాదు. బ్యాంకర్స్ అల్గారిథమ్ నుంచి ఒక గంట తగ్గించినా పరవాలేదు.

ఇంకో 4 జీబీ ర్యామ్, చిన్న ఎస్ఎస్‌డీ వేశాం. మొత్తం నాలుగు వేలు దాటలేదు. చెల్లె క్లాసులు ఆగకుండా వస్తున్నాయి. మిగిలిన పైసలు బాపు యాసంగి విత్తనాలకు పెట్టాడు.

ఫొటోలకు రికవరీ సాఫ్ట్‌వేర్ పెడితే ఫైళ్ళ పేర్లు వచ్చాయి, బొమ్మలు రాలేదు. అప్పటికి రెండు వారాలుగా ఆ డిస్క్ మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంది కదా. దీపావళికి పోయినప్పుడు పెద్దమ్మ తన బీరువాలోంచి ఒక సీడీ తీసి ఇచ్చింది. మీద స్కెచ్ పెన్నుతో 'గడి, 2009' అని ఉంది. మా సిస్టమ్‌కు సీడీ డ్రైవ్ ఉంది గానీ ఏండ్ల సంది తెరవక ట్రే బిగుసుకుపోయింది. ముందు చిన్న రంధ్రం ఉంటుంది, అందులో పిన్ను పెట్టి నెడితే వస్తుందట. సంక్రాంతికి పోయినప్పుడు చూడాలి.