నెలలు నిండని బిడ్డకు 30 రోజుల్లోపు కంటి పరీక్ష

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా వైద్య ఆరోగ్యాధికారి గారికి, నమస్కారం.

మా ప్రగతి నగర్‌లో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఇంటికొస్తే కిటికీలకు పరదాలు బిగించేవాళ్లున్నారు. వెలుతురు తగిలితే చూపు పోతుందని భయం. కామెర్లకు నీలికాంతి పెట్టినప్పుడు కళ్లకు గంతలు కట్టాల్సిందే, నిజమే. కానీ నెలలు నిండని బిడ్డల కంటి వెనుక పొర రెటీనాను దెబ్బతీసే రెటినోపతీ ఆఫ్ ప్రిమెచ్యూరిటీ (ఆర్ఓపీ)ని చీకటి ఆపలేదు. 1998లో అమెరికాలో వెలువడిన లైట్-ఆర్ఓపీ అధ్యయనంలో 409 మంది పసికందుల్లో సగం మందికి కాంతిని అడ్డుకునే అద్దాలు పెట్టారు. వాళ్లలోనూ జబ్బు రావడం తగ్గలేదు. అసలు ముప్పు నెలలు నిండకపోవడం, తక్కువ బరువు, అదుపు లేని ఆక్సిజన్.

ఈ జబ్బున్నా కన్ను పైకి నిక్షేపంగానే కనిపిస్తుంది. చుక్కల మందు వేసి, కంటిపాప విచ్చుకున్నాక రెటీనాను చూస్తేనే తెలుస్తుంది. 34 వారాలలోపు పుట్టినా, 2 కిలోలలోపు బరువున్నా పుట్టిన 30 రోజుల్లోపు ఈ పరీక్ష జరగాలి. మరీ చిన్న బిడ్డలకు ఇంకా ముందే. సకాలంలో లేజర్ చేస్తే చాలామందికి చూపు దక్కుతుంది.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్లో పరీక్షించాల్సిన జబ్బుల జాబితాలో ఈ జబ్బు ఉంది. ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థ హైదరాబాద్ నగరంలోనే ఉంది. అయినా నేను చూసిన ఒక డిశ్చార్జి కాగితంలో టీకాల తేదీలే ఉన్నాయి, కంటి పరీక్ష ఊసే లేదు. నవజాత శిశువుల ఐసీయూ (ఎన్ఐసీయూ) ఉన్న ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జి కాగితంపై పరీక్ష తేదీ, వెళ్లాల్సిన చోటు తెలుగులో రాసివ్వాలని దయచేసి ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
ప్రగతి నగర్ వాసి