యాజమాన్యాల కుమ్మక్కుకు శిక్ష ఎప్పుడు?

కార్మికులు వేతనం పెంచమని కోరిన ప్రతిసారీ, మార్కెట్ భరించదన్న సమాధానమే యాజమాన్యాల నుండి వస్తున్నది. ఆ మార్కెట్‌ను తెరచాటున నడిపించేది ఎవరో బీరు కంపెనీల ఉదంతం బట్టబయలు చేసింది.

యునైటెడ్ బ్రూవరీస్, శాబ్‌మిల్లర్ 2009 నుండి, కార్ల్స్‌బర్గ్ 2012 నుండి కూడబలుక్కొని, ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాలలో బీరు ధరలను ప్రభావితం చేశాయని కాంపిటీషన్ కమిషన్ 2021 సెప్టెంబరు 24న తేల్చింది. 2018 అక్టోబరులో సోదాలు జరిగేవరకు ఈ కుమ్మక్కు సాగింది. కంపెనీల సంఘమే దీనికి వేదిక అయింది. కమిషన్ 873 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా విధించింది. ముందుగా గుట్టు విప్పినందుకు, అప్పటికి శాబ్‌మిల్లర్‌ను కలుపుకొన్న బహుళజాతి సంస్థ ఇన్‌బెవ్‌కు పూర్తి మినహాయింపు లభించింది. 2022 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ ఈ జరిమానాను సమర్థించగా, వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది.

ఛత్తీస్‌గఢ్‌లో పరిస్థితి మరింత ఆలోచింపజేస్తున్నది. అక్కడ 2017 నుండి మద్యం చిల్లర విక్రయం ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్నది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలోని తెలుగు శ్రామికుడికి వేరొక అంగడి చూసుకునే అవకాశమే లేదు. 2019-2022 మధ్య ఆ రాష్ట్ర డిస్టిలరీలు కమిషన్లు చెల్లించి మార్కెట్‌ను వాటాలుగా పంచుకున్నాయని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆరోపించింది. ఆ ఆరోపణ న్యాయస్థానంలో రుజువు కావలసి ఉన్నది.

మద్యం ధర పెరిగితే తాగుడు తగ్గుతుంది గదా అని కొందరు అనవచ్చు. తాగుడు కార్మిక కుటుంబాలను ఎంతగా కూల్చుతున్నదో మాకు తెలియనిది కాదు. కాని పన్ను వల్ల పెరిగిన ధర ఖజానాకు చేరుతుంది. కుమ్మక్కు వల్ల పెరిగిన ధర యజమానుల జేబుకు చేరుతుంది. రెండవది పచ్చి దోపిడీ.

కార్మికులు సంఘటితం కావడమూ కుమ్మక్కే అనే వాదన నిరాధారం. సంఘం పెట్టి బేరమాడే హక్కును 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టమే గుర్తించింది. మేము పట్టపగలు, యజమాని ఎదుట కూర్చొని బేరమాడుతున్నాము. వారు రహస్యంగా, కొనేవాడి వెనుక ధర నిర్ణయించారు.

కుమ్మక్కు సాగిన ప్రతి సంవత్సరానికి లాభానికి మూడు రెట్ల వరకు జరిమానా విధించే అధికారం చట్టంలో ఉన్నది. నష్టపోయినవారు పరిహారం కోరడానికి 53ఎన్ సెక్షన్ ఉన్నది. కొరవడినది అమలు. కనుక మేము కోరుతున్నాము: ఈ వ్యాజ్యం త్వరగా పరిష్కారం కావాలి, రాష్ట్ర ప్రభుత్వాలు ప్రజల పక్షాన పరిహారానికి ముందుకు రావాలి, ఛత్తీస్‌గఢ్ ఆరోపణలను కాంపిటీషన్ కమిషన్ స్వయంగా విచారించాలి, జరిమానా భారాన్ని బ్రూవరీ కార్మికుల వేతనాలపై మోపరాదు.

ప్రతి శాఖ ఈ కోర్కెలను చర్చించి, తీర్మానాలు చేసి పంపవలసిందిగా విజ్ఞప్తి చేస్తున్నాము.