బరువైన గ్యాస్, తేలికైన గ్యాస్

సిద్దిపేట జిల్లా మర్కూక్ మండలంలోని ఎర్రవల్లిలో 2016 డిసెంబరులో గృహప్రవేశాలు జరిగిన రెండు పడకగదుల ఇళ్ల వంటగట్టు మీద మండే గ్యాస్‌కూ, ఆ ప్రాంతం నుంచి వెళ్లి డల్లాస్‌లోనో లండన్‌లోనో స్థిరపడిన కుటుంబాల పొయ్యిలో సాధారణంగా మండే గ్యాస్‌కూ స్వభావంలో చాలా తేడా ఉంది. ఒకటి నేల మీదికి దిగుతుంది, మరొకటి కప్పు వైపు లేస్తుంది. ఒకదానితో ఏళ్ల తరబడి అలవడిన జాగ్రత్తలు రెండోదాని దగ్గర కొంతవరకే పనికివస్తాయి, కొన్నిచోట్ల దారి తప్పిస్తాయి కూడా. ప్రవాస కుటుంబాల్లో వంటింటి భద్రత గురించి జరిగే చర్చల్లో ఈ సంగతి అరుదుగానే వినిపిస్తుంది.

ఊళ్లలో బండ అని పిలిచే 14.2 కిలోల సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ వాయువుల మిశ్రమాన్ని ఒత్తిడితో ద్రవంగా మార్చిన ఎల్పీజీ. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్వల పథకం దీన్ని కట్టెల పొయ్యి తప్ప మరొకటి ఎరుగని ఇళ్లకు సైతం చేర్చాయి. ఇది గాలి కంటే బరువైనది కనుక లీకైతే నేలబారుగా పాకి, గడపల దగ్గర, మంచాల కింద, మురుగు తూముల్లో నిలుస్తుంది. గాలిలో నూటికి రెండు పాళ్లు కలిసినా మండటానికి సిద్ధంగా ఉంటుంది. సహజంగా దానికి వాసన లేదు కాబట్టి, లీకైన సంగతి ముక్కుకు తెలియడానికి ఇథైల్ మెర్కాప్టన్ అనే ఘాటైన రసాయనాన్ని కలుపుతారు. బండ అయిపోవచ్చినప్పుడు దాన్ని పక్కకు పడుకోబెట్టి, లేదా అడుగున వేడినీళ్లు పెట్టి, ఇంకో పూట వంట లాగాలని చూసే అలవాటు పొదుపు పేరుతో నేటికీ సాగుతోంది. నిలబెట్టిన సిలిండర్‌లో పైన చేరిన ఆవిరి మాత్రమే రెగ్యులేటర్‌లోకి వెళుతుంది. పడుకోబెడితే ద్రవమే అందులోకి చొరబడుతుంది, ఆ ద్రవం ఆవిరిగా మారేటప్పుడు సుమారు 250 రెట్లు వ్యాపిస్తుంది కాబట్టి పొయ్యి దగ్గర మంట అదుపు తప్పుతుంది. కొత్త బండ బిగించాక వాల్వు లోపలి రబ్బరు వాషర్ సరిగా కూర్చుందో లేదో సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి తప్ప, అగ్గిపుల్ల గీసి చూడటం ఎంత అనుభవజ్ఞులు చేసినా తెలివితక్కువ పనే. పైపును అయిదేళ్లకోసారి మార్చాలన్న నియమాన్ని పైపు చూడటానికి బాగానే ఉందన్న సాకుతో వాయిదా వేయడం కూడా తగదు.

విదేశాల్లో గోడలోంచి పైపు ద్వారా వచ్చేది ప్రధానంగా మీథేన్ ఉండే సహజ వాయువు. హైదరాబాద్‌లో భాగ్యనగర్ గ్యాస్ సంస్థ కొన్ని ప్రాంతాల ఇళ్లకు అందిస్తున్నదీ ఇదే. ఇది గాలి కంటే తేలిక కనుక పైకి లేచి కప్పు కింద పేరుకుంటుంది, గాలిలో నూటికి అయిదు పాళ్లు చేరితే అంటుకోగలదు. ఎర్రవల్లి ఇంట్లో వాసన రాగానే రెగ్యులేటర్ కట్టేసి, వాకిలి తలుపు బార్లా తీయడం సరైన పనే, ఎందుకంటే నేల మీది గ్యాస్ గడప దాటి పోతుంది. సహజ వాయువుకు కిటికీల పైభాగం తెరవడం ముఖ్యం. రెండింటికీ ఒకేలా వర్తించేది స్విచ్‌ల సంగతి. లైటు వేయడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపడం సైతం నిప్పురవ్వకు తావిస్తాయి కాబట్టి, వేసి ఉన్నది వేసినట్టే, ఆపి ఉన్నది ఆపినట్టే వదిలి బయటికి వెళ్లి, అక్కడి నుంచే ఫోన్ చేయాలి. ఆ నంబరు భారతదేశంలో 1906, బ్రిటన్‌లో 0800 111 999, అమెరికాలో 911 లేదా స్థానిక గ్యాస్ సంస్థ అత్యవసర నంబరు. ఊరి నుంచి తెచ్చుకున్న ఎల్పీజీ పొయ్యిని సహజ వాయువు పైపుకు బిగించడం కూడా సరికాదు, ఎందుకంటే రెండింటి పీడనమూ వేరు, గ్యాస్ వెలువడే నాజిల్ రంధ్రం పరిమాణమూ వేరు.

పాలు పొంగి మంట ఆరిపోయినా గ్యాస్ వస్తూనే ఉండటం మన ఇళ్లలో తరచూ జరిగేదే. బ్రిటన్ తదితర దేశాల్లోని కొత్త పొయ్యిల్లో మంట వేడిని పసిగట్టే చిన్న లోహపు కడ్డీ ఒకటి ఉంటుంది, మంట ఆరితే అది చల్లబడి గ్యాస్‌ను దానంతటదే ఆపుతుంది. ఆ కడ్డీ వేడెక్కేదాకా, అంటే వెలిగించాక కొన్ని క్షణాలపాటు, నాబ్‌ను నొక్కి పట్టుకోవాలి. ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన తల్లిదండ్రులు వెంటనే చేయి తీసేసి, మంట ఆరితే మళ్లీ మళ్లీ ప్రయత్నించి, చివరికి పొయ్యి పాడైందని తేల్చేయడం ప్రవాసుల ఇళ్లలో సాధారణం.

ఓవెన్ ఇంకా కొత్తది. చాలా తెలుగు ఇళ్లలో అది మూకుళ్లు, పెనాలు, ప్లాస్టిక్ డబ్బాలు దాచే అర. ఎవరో చూసుకోకుండా వేడి చేసిన రోజున అవే అంటుకుంటాయి. గ్యాస్ ఓవెన్‌లో మంట వెంటనే అంటుకోకపోతే గ్యాస్ ఆ మూసిన పెట్టెలోనే నిలుస్తుంది కాబట్టి, నాబ్ కట్టి, తలుపు తెరిచి, గ్యాస్ పూర్తిగా పోయిందనుకున్నాకే తిరిగి వెలిగించాలి. లోపల మంటలు లేస్తే మాత్రం దీనికి విరుద్ధంగా నాబ్ కట్టి తలుపు మూసే ఉంచాలి, ఎందుకంటే తెరిచిన క్షణాన అందే గాలి మంటను పెంచుతుంది. ఇక చలికాలంలో ఓవెన్ తలుపు తెరిచి ఇల్లు వెచ్చబరచుకోవడం అన్నిటికంటే ప్రమాదకరం. ఇంధనం సరిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, అది రక్తంలోకి చేరి ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న టెక్సస్‌లో 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకు కరెంటు పోయినప్పుడు, వెచ్చదనం కోసం ఇళ్లలో బొగ్గుల కుంపట్లు వెలిగించి, గ్యారేజీలో కార్లు, జనరేటర్లు నడిపి కొందరు ఈ వాయువుకే బలయ్యారు. నీలిమంట పసుపుగా మారడం, గిన్నెల అడుగున మసి పట్టడం దాని తొలి సూచనలు. పొగ అలారం దీన్ని పట్టుకోలేదు, వేరే అలారం కావాలి. ఉన్న పొగ అలారం బ్యాటరీని తిరగమోత వేసిన ప్రతిసారీ మోగుతోందని ఊడదీసే ఇళ్లకు ఈ రెండో అలారం సంగతి చెప్పి ఒప్పించడం సులభం కాదు.

2015 డిసెంబరు 27న, అప్పటికి మెదక్ జిల్లాలో ఉన్న ఎర్రవల్లిలో అయుత చండీ మహాయాగం చివరి రోజున యాగశాల పైకప్పుకు నిప్పంటుకున్నప్పుడు, అగ్నిమాపక సిబ్బంది అందుబాటులో ఉన్నందున ఎవరికీ హాని జరగలేదు. సకినాల మూకుడులో నూనె అంటుకునే వేళ ఇంట్లో ఆ వసతి ఉండదు. మండే నూనెలో నీళ్లు పోస్తే అవి అడుగుకు దిగి, క్షణంలో సుమారు 1,700 రెట్లు వ్యాపించే ఆవిరిగా మారి, మంటతో సహా నూనెను గది నిండా చిమ్ముతాయి. నాబ్ కట్టి, మూకుడుకు సరిపోయే లోహపు మూతను జార్చినట్టుగా కప్పి, చల్లారేదాకా కదపకుండా వదిలేయడమే మార్గం. అందుకని వేపుడుకు కూర్చునే ముందే ఆ మూతను చేతికందే చోట పెట్టుకోవాలి.

ఇంటికి వచ్చిన పెద్దలకు టీవీ రిమోట్ నేర్పినంత ఓపికగా గ్యాస్ పైపు మీది ప్రధాన వాల్వును కూడా చూపించడం అవసరం. దాని మీట పైపు వెంట ఉంటే తెరిచి ఉన్నట్టు, పైపుకు అడ్డంగా ఉంటే మూసి ఉన్నట్టు. లీకు అనుమానంతో ఒకసారి మూశాక, గ్యాస్ సంస్థ మనిషి వచ్చి పరీక్షించేదాకా దాన్ని మళ్లీ తిప్పరాదు, ఆ పూట భోజనం బయటి నుంచి తెప్పించుకోవలసి వచ్చినా సరే.