దేహం - దేహి

మరణం సంభవించిన ఇంట పెద్దలు చెప్పే ఓదార్పు మాట ఒకటున్నది. మనిషి జీర్ణవస్త్రాన్ని విడిచి కొత్తది కట్టుకొన్నట్లు, ఆత్మ శిథిలమైన దేహాన్ని వదలి వేరొక దేహాన్ని పొందుతుందని ఆ మాట. ఇది భగవద్గీత రెండవ అధ్యాయంలోని ఉపమానం. దుఃఖంలో ఉన్నవారికి ఇంతకంటె మంచి మందు లేదు. అయితే మందును అన్నంగా తినలేము కదా! ఈ ఒక్క పోలికనే పట్టుకొని, మన తత్త్వచింతన దేహాన్ని గుడ్డపేలికగా చూసిందని తీర్మానించడం తొందరపాటు.

కఠోపనిషత్తు శరీరాన్ని రథమన్నది. ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనస్సు కళ్ళెం, ఇంద్రియాలు గుర్రాలు. రథాన్ని నిర్లక్ష్యం చేసి గమ్యం చేరిన రథికుడు ఎవడూ ఉండడు. తైత్తిరీయోపనిషత్తులో భృగువు తపస్సు చేసి మొట్టమొదట గ్రహించినది అన్నమే బ్రహ్మమని. ఆ తరువాత ప్రాణం, మనస్సు, విజ్ఞానం, ఆనందం అనే మెట్లు ఎక్కాడు. అన్ని మెట్లూ ఎక్కిన పిదప కూడ, అన్నాన్ని నిందించకుండుట వ్రతమని ఆ ఉపనిషత్తు విధించింది. వాన కోసం ఆకాశం వైపు చూసే మన సీమవాసులకు ఈ వ్రతాన్ని ఎవరూ బోధించనక్కరలేదు.

పాత కడప, కర్నూలు జిల్లాలలో మూడు వేదాంత మార్గాలకూ స్థానాలున్నాయి. పుష్పగిరి పీఠం అద్వైతులది; అహోబిలం విశిష్టాద్వైతులది; 1671లో రాఘవేంద్రస్వామి సజీవంగా బృందావన ప్రవేశం చేసిన మంత్రాలయం ద్వైతులది. జీవుడు బ్రహ్మమేనని ఒకరు, ఎన్నటికీ వేరని మరొకరు అన్నారు. రామానుజులు జగత్తంతా భగవంతుని శరీరమన్నారు. శరీరం హేయమైనదైతే ఆయన ఆ మాటను భగవంతునికి అన్వయించి ఉండేవారా?

పండితుల వాదాలకంటె ఈ ప్రాంత ప్రజల మనసులో నాటుకొన్నది ఒక కథ. పోతులూరి వీరబ్రహ్మంగారు బనగానపల్లెలో పశువులు కాసి, కడప జిల్లా కందిమల్లాయపల్లెలో వడ్రంగం చేసి జీవించిన యోగి. దూదేకుల కులంలో పుట్టిన సిద్ధయ్య ఆయన ప్రియశిష్యుడు. ఒకనాడు స్వామి సిద్ధయ్యకు షట్చక్రాలను గురించి, వాటిలో వెలసిన దేవతలను గురించి ఉపదేశిస్తుండగా కక్కయ్య అనేవాడు చాటునుండి విన్నాడు. దేహంలోనే దేవతలున్నారంటే చూడవలసిందే అనుకొన్నాడు. ఇంటికి వెళ్ళి, నిద్రిస్తున్న భార్య శరీరాన్ని కత్తితో చీల్చాడు. నెత్తురు, మాంసం తప్ప ఏమీ కనబడలేదు. స్వామి అబద్ధాలకోరని నిందించాడు. స్వామి వచ్చి ఆమెను బ్రతికించారనీ, కక్కయ్య ఆయనకు శిష్యుడైనాడనీ కథ.

స్థూలమైన కత్తికి సూక్ష్మమైన ఆత్మ చిక్కదని ఈ కథకు సాధారణంగా అర్థం చెబుతారు. అది సరియైనదే కాని చాలదు. కక్కయ్య తన దేహాన్ని కోసుకోలేదే! చక్రాల బోధ సాధకుడు తన శరీరంలో, తన శ్వాసతో పరీక్షించుకొనవలసినది. అతడు ఆ పరీక్షను మరొకరి దేహంపై, ఆమె అనుమతి లేకుండా జరిపాడు. అతని అజ్ఞానాన్ని గూర్చి, గురువు మహిమను గూర్చి ఎంతో చెప్పుకొనే మనం, ఆ ఇల్లాలు కన్ను తెరిచి ఏమన్నదో అడగము. భార్య శరీరం భర్త సొత్తు అన్న భావన మన వేదాంత కథలలోకి కూడ ఎంత నిశ్శబ్దంగా ప్రవేశించిందో! మరొక విషయం గమనింపదగినది. స్వామి మొదట చేసినది తత్త్వబోధ కాదు. ఆమెకు ప్రాణం పోయడం. దేహం వట్టి గుడ్డ అయితే ఆ తొందర ఎందుకు?

సన్న్యాసులను దహనం చేయక సమాధి చేసే ఆచారం మనకున్నది. అగ్నికార్యాలను విడిచినవానికి చితి లేదు. 1693లో వీరబ్రహ్మంగారు సజీవ సమాధి పొందారని సంప్రదాయం. నేటికీ బ్రహ్మంగారి మఠానికి జనం వెళ్తున్నారు. ఆత్మ సర్వవ్యాపి అని ఒప్పుకొంటూనే దేహం నిలిచిన చోటును వెదుక్కొంటూ వెళ్ళడంలో వైరుధ్యం ఉన్నదని కొందరంటారు. నాకు అందులో కృతజ్ఞత కనిపిస్తుంది.

దేహం అనిత్యమన్న మాట ఎవరు, ఎవరితో అంటున్నారన్నది ముఖ్యం. యోగి తనకు తాను చెప్పుకొంటే అది వైరాగ్యం. కడుపు నిండినవాడు ఆకలిగొన్నవానితో అంటే అది క్రౌర్యం. 1866లో కరవు వచ్చినప్పుడు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి ఆహారం పెట్టాడు. వచ్చినవారి శరీరాలు ఏదో ఒకనాడు రాలిపోయేవేనని ఆయనకు తెలియదా? తెలిసియే మరునాడు మళ్ళీ పొయ్యి వెలిగించాడు.